నరం దొరకలేదు, నరం పట్టేసింది, నరాలు వీకయ్యాయి: ఒంటి భాగాల పేర్ల తికమక

సెలైన్ పెట్టడానికి వచ్చిన సిస్టరు చేతి మీద రెండు మూడు సార్లు తట్టి, "నరం దొరకట్లేదమ్మా" అంటుంది. పక్క మంచం మీద పెద్దాయన పిక్క బిగిసిపోయి, "అబ్బా, నరం పట్టేసింది" అని లేచి కూర్చుంటాడు. ఆయన్ని చూడ్డానికి వచ్చిన చుట్టం కుర్చీలాక్కుని, "షుగరొచ్చినకాడ్నుంచి నాకూ నరాల వీక్‌నెస్, అరికాళ్లు ఒకటే తిమ్మిర్లు" అని మొదలుపెడుతుంది. ఒకే గదిలో, పది నిమిషాల్లో, ఒకే మాట మూడు వేరు వేరు వస్తువుల మీద వాలింది. అయినా ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

సిస్టరు వెతుకుతున్నది సిర, అంటే రక్తాన్ని తిరిగి గుండెకి చేర్చే గొట్టం. ఇంగ్లీషులో వెయిన్. పెద్దాయనకి బిగిసింది కండరం. చుట్టానికి తిమ్మిరెక్కిస్తున్నది నర్వ్, అంటే మెదడుకీ ఒంటికీ మధ్య కబుర్లు మోసే తీగ. ఈ మూడోదానికి స్కూలు పుస్తకం 'నాడి' అని పేరు పెట్టింది. చిక్కేమిటంటే, జనం నోట్లో నాడి అంటే మణికట్టు దగ్గర వేలు పెడితే కొట్టుకునేది. అలా కొట్టుకునేది ధమని, అంటే ఆర్టరీ. నర్వ్‌కి పుస్తకం ఇచ్చిన పేరును జనం ఎప్పుడో ఆర్టరీకి ఇచ్చేసుకున్నారన్నమాట.

ఇదివరకు ఈ తికమక వల్ల పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. రిపోర్టు డాక్టరు చేతికి వెళ్లేది, ఆయన చెప్పింది మనం వినేవాళ్లం. ఇప్పుడు స్కాన్ రిపోర్టు డాక్టరు కన్నా ముందు మన ఫోన్లోకి వస్తోంది. 'పోస్టీరియర్', 'బైలాటరల్', 'డిస్టల్' అన్న మాటలు చూసి రాత్రంతా టెన్షన్ పడి, పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో పెట్టి అర్థం అడుగుతున్నాం. ఇంకోవైపు వైద్యం మాతృభాషలో చెప్పాలా వద్దా అన్న చర్చ కూడా ఆగలేదు. 2022 అక్టోబరులో భోపాల్‌లో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం పుస్తకాలను హిందీలో విడుదల చేసినప్పుడు, వాటిలో ఒకటి అనాటమీదే. ఈ రెండిటికీ మూలం ఒకే ప్రశ్న: ఒంటి భాగాలకి పేరు పెట్టేది ఎవరు, ఏ లెక్కన?

పని చూసి పెట్టిన పేర్లు, కోసి చూసి పెట్టిన పేర్లు

అనాటమీ అన్న గ్రీకు మాటకి 'కోసి విడదీయడం' అని అర్థం. కోసి చూసేవాడికి చర్మం కింద గీతలు కనిపిస్తాయి. కోయని మనకి పనులు కనిపిస్తాయి. అన్నం తినేది చెయ్యి, బరువెత్తేదీ చెయ్యే. అందుకే భుజం నుంచి వేలి కొస దాకా అంతా మనకి చెయ్యి. తొడ నుంచి పాదం దాకా అంతా కాలు.

ఇది తెలుగు లోపమేమీ కాదు. మామూలు ఇంగ్లీషులో కూడా 'ఆర్మ్' అంటే మొత్తం చెయ్యే. అనాటమీ పుస్తకంలోకి వెళ్లగానే ఆ మాట కుంచించుకుపోయి, భుజం నుంచి మోచేయి వరకే అవుతుంది. 'లెగ్' అంటే మోకాలి నుంచి చీలమండ వరకే. తొడ అందులోకి రాదు. నిజానికి ఈ విషయంలో మన వాడుక మెరుగు. మోచేతికి పైభాగానికి జబ్బ ఉంది, కిందిదానికి ముంజేయి ఉంది. జబ్బ చరిచి సవాలు చేసిన మల్లుడికి ఈ తేడా చెప్పక్కర్లేదు.

మన వాడుక నిజంగా గజిబిజి అయ్యేది ఒంటి మధ్యలో. కడుపు చూడండి. "కడుపు నిండింది" అన్నప్పుడు అది జీర్ణాశయం. "కడుపుతో ఉంది" అన్నప్పుడు గర్భాశయం. "కడుపు మీద వాత" అన్నప్పుడు పొట్ట పైచర్మం. "కడుపు నొప్పి" అన్నప్పుడు వీటిలో ఏదైనా కావచ్చు, లేదా పేగు, పిత్తాశయం, మూత్రనాళం, ఏదైనా. అందుకే డాక్టరు "ఎక్కడ? వేలు పెట్టి చూపించు" అంటాడు. ఆయన మనసులో పొట్ట మీద రెండు నిలువు గీతలు, రెండు అడ్డ గీతలు ఉంటాయి. మొత్తం తొమ్మిది గళ్లు. పైవరసలో నడిమి గడి ఎపిగాస్ట్రియం, మధ్యలో బొడ్డు గడి, కింద మన పొత్తికడుపు. పైన రెండు పక్కల గళ్లూ హైపోకాండ్రియం, అంటే పక్కటెముకల మృదులాస్థి కింది చోటు. లేని జబ్బులు ఊహించుకునేవాళ్లని హైపోకాండ్రియాక్ అనడం ఇక్కడినుంచే వచ్చింది. దిగులు ఆ చోటే పుడుతుందని పాతకాలం వైద్యుల నమ్మకం.

ఈ గళ్లు ఎందుకో అపెండిక్స్ నొప్పిని చూస్తే తెలుస్తుంది. చాలామందిలో అది మొదట బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల్లో కుడివైపు కింది గడిలోకి దిగుతుంది. ఇంట్లోవాళ్లకి పొద్దున్నా కడుపునొప్పే, సాయంత్రమూ కడుపునొప్పే. డాక్టరుకి మాత్రం నొప్పి గడి మారింది. ఆ మార్పే ఆయనకి పెద్ద ఆధారం.

ఇక గుండెలు. గుండె ఒకటే, కానీ తెలుగులో బహువచనం చేస్తే ఛాతీ అయిపోతుంది. గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతాం, గుండెలు బాదుకుంటాం. "గుండెల్లో మంట" గుండెకి సంబంధించింది కాదు. జీర్ణాశయంలోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం వల్ల వచ్చే మంట అది. ఇంగ్లీషువాడు కూడా దాన్ని 'హార్ట్‌బర్న్' అనే అన్నాడు, ఆ పొరపాటులో మనకి తోడున్నాడు. ఇందులో ప్రమాదం ఇటునుంచి అటు కూడా ఉంది. అసలైన గుండెనొప్పిని "గ్యాసేలే" అని ఒక సోడాతో సరిపెట్టేయడం మనందరికీ తెలిసిన కథే.

కదలకుండా నిలబడ్డ ఒక మనిషి

పై, కింద, ముందు, వెనక అన్నవి ఎవరికైనా తెలుస్తాయి కదా, వాటికి కూడా లాటిన్ మాటలెందుకు? చిన్న పరీక్ష. బల్ల మీద బోర్లా పడుకున్న మనిషికి 'పైన' ఏది? తలా, వీపా? చెయ్యి ఎత్తినవాడికి మోచేయి భుజానికి పైన ఉందా, కింద ఉందా?

ఈ గొడవ లేకుండా అనాటమీ ఒక ఊహా మనిషిని నిలబెట్టింది. నిటారుగా, ముఖం ముందుకి, చేతులు పక్కలకి వేలాడేసి, అరచేతులు ముందుకి తిప్పి. రోగి ఎలా పడుకున్నా, ముడుచుకున్నా, రిపోర్టు మాత్రం ఈ మనిషి లెక్కనే రాస్తారు. తల వైపు సుపీరియర్, కాళ్ల వైపు ఇన్‌ఫీరియర్. ముందు యాంటీరియర్, వెనక పోస్టీరియర్. ముక్కు మీదుగా బొడ్డు దాకా గీసిన నడిగీతకి దగ్గరైతే మీడియల్, దూరమైతే లాటరల్. చేతులూ కాళ్ల విషయంలో మాత్రం మొండేనికి దగ్గరైతే ప్రాక్సిమల్, వేళ్ల వైపుకి వెళ్తే డిస్టల్. ఇక్కడ 'ఇన్‌ఫీరియర్' అంటే తక్కువరకం అని కాదు, 'కింద' అని మాత్రమే.

అరచేతులు ముందుకి తిప్పమనడంలో ఒక కిటుకు ఉంది. మీ ముంజేతిని చాచి, అరచేతిని ఆకాశం వైపు పెట్టి, తర్వాత నేల వైపు తిప్పండి. మోచేయి కదల్లేదు, కానీ బొటనవేలు బయటి నుంచి లోపలికి వచ్చేసింది. ముంజేతిలో రెండు ఎముకలున్నాయి. బొటనవేలి వైపుది రేడియస్, చిటికెనవేలి వైపుది అల్నా. అరచేయి తిప్పినప్పుడు రేడియస్ అల్నా మీదుగా అడ్డంగా వాలుతుంది. అంటే ఒక భంగిమని ఖాయం చేయకపోతే 'బయటి ఎముక' అన్న మాటకి అర్థమే లేదు. ఖాయం చేశాక, బొటనవేలు ఎప్పటికీ లాటరల్.

ఇప్పుడు బాత్రూంలో జారి, చేతిని ఆనించి పడ్డవాళ్ల ఎక్స్‌రే రిపోర్టు: "ఫ్రాక్చర్ ఆఫ్ ద డిస్టల్ ఎండ్ ఆఫ్ లెఫ్ట్ రేడియస్". వెనకనుంచి విప్పుకుంటూ రండి. రేడియస్, బొటనవేలి వైపు ఎముక. లెఫ్ట్, ఎడమ చెయ్యి. డిస్టల్ ఎండ్, మొండేనికి దూరపు కొస, అంటే మణికట్టు దగ్గర. మొత్తంగా "ఎడమ మణికట్టుకి కాస్త పైన, బొటనవేలి వైపు ఎముక విరిగింది". మీ అమ్మమ్మ అయితే "మణికట్టు విరిగింది" అనేస్తుంది. పెద్ద తప్పు కాదు. కాకపోతే మణికట్టులో విడిగా ఎనిమిది చిన్న ఎముకలున్నాయి. వాటిలో ఏదైనా విరిగితే వైద్యం వేరు.

వెన్నుపూసల లెక్క, తుంటి సామెత

ఇప్పుడు అందరి ఇళ్లలో కనిపించే రిపోర్టు, నడుం ఎమ్మారై. "ఎల్4-ఎల్5 స్థాయిలో పోస్టీరియర్ డిస్క్ బల్జ్, ఎడమ ట్రావర్సింగ్ నర్వ్ రూట్ మీద ఒత్తిడి." ఇంత చిన్న వాక్యంలో నాలుగు విషయాలు మడతపెట్టారు.

మెడలో 7 పూసలు, వాటి గుర్తు సీ. పక్కటెముకలు తగులుకునే చోట 12, వాటికి టీ లేదా డీ. నడుములో 5, వాటికి ఎల్. దాని కింద 5 అతుక్కుపోయి సేక్రం అయ్యాయి. చివర సాధారణంగా 4 చిట్టిపూసలు కలిసి కాక్సిక్స్ అయ్యాయి. కోకిల ముక్కులా ఉందని దానికి గ్రీకువాళ్లు పెట్టిన పేరది. ఎల్4-ఎల్5 అంటే నడుము పూసల్లో నాలుగో, ఐదో పూసల మధ్య ఉన్న మెత్త. బల్జ్ అంటే ఆ మెత్త తన హద్దు దాటి ఉబ్బడం. పోస్టీరియర్ అంటే వెనక్కి, నాడులు దిగే సొరంగం ఉన్న వైపు.

అసలు ముడి చివరి ముక్కలో ఉంది. నడుములో ఒక్కో నాడి తన నంబరున్న పూస కిందనుంచి బయటికి వస్తుంది. ఎల్4 నాడి ఈ మెత్తకి కాస్త పైనే పక్కకి తప్పుకుంటుంది. మెత్త ఉబ్బినప్పుడు ఎక్కువగా నలిగేది, ఇంకా కిందికి దిగుతూ దారిలో ఉన్న ఎల్5 నాడి. ట్రావర్సింగ్ అంటే ఆ దాటిపోతున్నది. ఎల్5 నాడి మేసే పొలం పిక్క బయటివైపు, పాదం పైభాగం, బొటనవేలు. నడుములో మెత్త ఉబ్బితే కాలి బొటనవేలు తిమ్మిరెక్కడం అందుకే. తుంటి మీద కొడితే పళ్లు రాలాయని వెటకారంగా చెప్పుకుంటాం గానీ, నాడుల లోకంలో అది రోజూ జరిగే పనే. పొట్టని ఛాతీని వేరుచేసే ఉదరవితానం కింద చీము గానీ రక్తం గానీ చేరితే భుజం కొసన నొప్పి తెలుస్తుంది. ఆ పొరకీ, భుజం చర్మానికీ నాడులు మెడలోని ఒకే చోటినుంచి బయల్దేరతాయి మరి.

లెక్కలు బాగా వచ్చినవాళ్లు కూడా తడబడే చోటు మెడ. పూసలు 7, నాడుల జతలు 8. మెడలో నాడి తన పూసకి పైనుంచి వస్తుంది, ఛాతీలోకి వచ్చేసరికి కిందనుంచి వస్తుంది. పద్ధతి మారిన చోట, ఏడో మెడపూసకీ మొదటి ఛాతీపూసకీ మధ్య, ఒక జత మిగిలిపోయింది. దానికి సీ8 అని పేరు పెట్టారు. సీ8 పూస అంటూ మామూలుగా ఎవరికీ ఉండదు.

ఎవరి కుడి?

స్కాన్ ఫిల్ములో కాలేయం ఎడమవైపు కనిపించి గాభరా పడేవాళ్లున్నారు. సీటీలో అడ్డంగా కోసిన బొమ్మని రోగి కాళ్ల దగ్గర నిలబడి తల వైపు చూస్తున్నట్టు చూపిస్తారు. మనకి ఎదురుగా నిలబడ్డ మనిషి కుడిచెయ్యి మన ఎడమకి ఉన్నట్టే, రోగి కుడి బొమ్మలో ఎడమకి వస్తుంది. రిపోర్టులో రాసే కుడి, ఎడమ ఎప్పుడూ రోగివే, చూసేవాడివి కావు. బైలాటరల్ అంటే ఆ రెండు వైపులా అని.

కోతల పేర్లు కూడా మూడే. అడ్డంగా కోస్తే ఏక్సియల్, కీరదోసకాయ చక్రాల్లాగా. ముందు సగం, వెనక సగంగా విడదీస్తే కరోనల్. కుడి, ఎడమలుగా చీలిస్తే సాజిటల్. సాజిట్టా అంటే లాటిన్‌లో బాణం.

గుండె, హృదయం: రెండు భాషల కాపురం

కిడ్నీకి వెళ్లే ధమని 'రీనల్' ఆర్టరీ, కిడ్నీ డాక్టరు 'నెఫ్రాలజిస్ట్'. ఊపిరితిత్తుల ధమని 'పల్మనరీ', వాటికి పట్టే జబ్బు 'న్యుమోనియా'. ఒకే అవయవానికి రెండు పేర్లు ఎందుకని చాలామందికి విసుగు. భాగాల పేర్లు ఎక్కువగా లాటిన్ నుంచి, జబ్బుల పేర్లు ఎక్కువగా గ్రీకు నుంచి వచ్చాయి. అంతకన్నా రహస్యమేమీ లేదు.

తెలుగువాళ్లకి ఇది కొత్తగా అనిపించకూడదు. మనం బతికేది అచ్చంగా ఇలాగే. గుండె అంటాం, హృద్రోగం అంటాం. కన్ను అంటాం, నేత్రవైద్యుడు అంటాం. మూత్రపిండం అని రాసిన పుస్తకమే, దాని మీద టోపీలా కూర్చున్న గ్రంథి దగ్గరికి వచ్చేసరికి 'అధివృక్క' అంటుంది. వృక్కమంటే మూత్రపిండమే. ఇంగ్లీషు 'అడ్రినల్' కూడా అదే అమరిక, రీనల్ పక్కన ఒక ఉపసర్గ.

మాటల లోపల బొమ్మలు చూస్తే మరీ ముచ్చటేస్తుంది. మోకాలి ముందు ఎముకని లాటిన్‌లో పటెల్లా అన్నారు, చిన్న పళ్లెం అని. మనవాళ్లు మోకాలి చిప్ప అన్నారు. టింపానమ్ అంటే డోలు, మనది కర్ణభేరి. రెండు చోట్లా అదే ఊహ. నాకు వీటన్నిట్లో ఇష్టమైంది ఊపిరితిత్తి. కొలిమి దగ్గర గాలి ఊదే తోలుసంచి తిత్తి. ఉబ్బి, నొక్కుకుని, మళ్లీ ఉబ్బే వస్తువుకి అంతకన్నా మంచి పేరు ఏ భాషలోనైనా ఉందా అని నా అనుమానం.

తప్పుగా పుట్టి, అలాగే బతికిపోయిన పేర్లు

మొదట చెప్పుకున్న నరం దగ్గరికి మళ్లీ వద్దాం. గ్రీకులో 'న్యూరాన్' అన్న మాటకి పాత అర్థం కండరాన్ని ఎముకకి కట్టే తాడు, అంటే స్నాయువు. వింటినారి కూడా న్యూరానే. తర్వాత, క్రీస్తుకి పూర్వం మూడో శతాబ్దం ప్రాంతంలో, ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్, ఎరాసిస్ట్రాటస్ అనే గ్రీకు వైద్యులు మనుషుల శవాలను కోసి చూశారు. బయటికి ఒకేలా కనిపించే తెల్లని తాళ్లలో కొన్ని మెదడుకీ వెన్నుపాముకీ వెళ్తున్నాయని పట్టుకున్నారు. పేరు వాటికే మిగిలిపోయింది. కానీ పాత అర్థం ఒక మాటలో దాక్కుని ఇప్పటికీ ఉంది. అపోన్యూరోసిస్ అంటే పల్చని పట్టీ లాంటి స్నాయువు. పేరులో 'న్యూరో' ఉంది, లోపల నర్వ్ లేదు. ప్రతి ఏడాదీ కొత్త మెడికల్ విద్యార్థులు దీని దగ్గర ఒకసారి బోల్తా పడతారు.

మన నరానికి బంధువైన తమిళ 'నరంబు' సంగతీ అంతే. నర్వ్, సిర, స్నాయువు, ఇవన్నీ కాక యాళ్ అనే పాత వాద్యం తీగ కూడా నరంబే. బయటినుంచి చూసేవాడికి ఇవన్నీ చర్మం కింద సాగిన తీగలే. సిస్టరు, పెద్దాయన, చుట్టం ముగ్గురూ రెండు వేల ఏళ్ల కిందటి గ్రీకువాడు చేసిన పనే చేస్తున్నారు. సంస్కృతం నుంచి తీసుకున్నవాళ్లకి కూడా ఏకాభిప్రాయం లేదు. స్నాయువు మన పుస్తకాల్లో కండరాన్ని ఎముకకి కట్టేది. బెంగాలీలో స్నాయు అంటే నర్వ్.

ఇంకో వింత. ఆర్టరీ అన్న మాట గ్రీకులో మొదట గాలిగొట్టానికి వాడేవాళ్లు. చనిపోయాక ధమనుల్లో రక్తం పెద్దగా మిగలదు, కోసి చూస్తే ఖాళీగా కనిపిస్తాయి. అందుకని అవి గాలి మోస్తాయనుకున్నారు. మరి మన ధమని? సంస్కృతంలో ఊదడం అన్న ధాతువు నుంచి పుట్టింది. రెండు సంప్రదాయాల్లోనూ రక్తనాళానికి గాలి పేరే దక్కింది.

పేగు చివరి భాగమైన పురీషనాళాన్ని లాటిన్‌లో రెక్టమ్ అన్నారు, తిన్ననిది అని. మనిషి రెక్టమ్ తిన్నగా ఉండదు, వెన్ను కింది వంపు వెంట వంగి ఉంటుంది. పాతకాలంలో జంతువులను కోసి చూసి పెట్టిన పేరు మనుషులకీ అంటుకుంది. పేరు తప్పని తెలిసినా ఎవరూ మార్చలేదు. మారిస్తే వచ్చే గందరగోళం, ఉన్న తప్పు కన్నా పెద్దది.

యాభై వేల పేర్లు, ఒక జాబితా

పందొమ్మిదో శతాబ్దం చివరికి ఐరోపాలో ఒక్కో దేశం, ఒక్కో గురువు తనకి తోచిన పేరు వాడుతుండగా, పుస్తకాల్లో పోగైన పేర్లు దాదాపు 50 వేలని అంచనా. 1895లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో అనాటమిస్టులు కూర్చుని వాటిని సుమారు 5 వేలకి తగ్గించారు. తర్వాత సవరణలు, తగాదాలు, 1955లో పారిస్ జాబితా, 1998లో 'టెర్మినాలజియా అనాటమికా', 2019లో దాని రెండో కూర్పు. అసలు పేరు లాటిన్‌లోనే ఉంటుంది. ప్రతి భాషవాళ్లూ దానికి తమ మాట పెట్టుకోవచ్చు.

ఈ జాబితా మనుషుల పేర్లను పక్కన పెట్టింది. ఫెలోపియన్ ట్యూబ్ ఇందులో 'గర్భాశయ నాళం'. ఆసుపత్రుల్లో మాత్రం ఇంకా ఫెలోపియనే. ఆడవాళ్ల అల్ట్రాసౌండ్ రిపోర్టులో చివర కనిపించే 'పీఓడీ' కూడా ఒక మనిషే. జేమ్స్ డగ్లస్ అనే స్కాట్లండ్ డాక్టరు పేరు మీద 'పౌచ్ ఆఫ్ డగ్లస్', గర్భాశయానికీ పురీషనాళానికీ మధ్య పల్లం. "పీఓడీలో ద్రవం లేదు" అంటే ఆ పల్లంలో నీరు చేరలేదని.

మనుషుల పేర్లు తీసేయాలనేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది: గర్భాశయ నాళం అంటే అదెక్కడుందో మాటే చెబుతుంది, ఫెలోపియన్ ఏమీ చెప్పదు. పైగా కొన్ని పేర్ల వెనక చరిత్ర మంచిది కాదు. ఊపిరితిత్తుల్లోని క్లారా కణాలను దశాబ్దం కిందట 'క్లబ్ కణాలు'గా మార్చారు. మాక్స్ క్లారా నాజీ, మరణశిక్ష పడ్డ ఖైదీల కణజాలం మీద పనిచేశాడు. ఉంచాలనేవాళ్లు చెప్పేదీ కొట్టిపారేయలేం: పేరు పొట్టిది, నోటికొచ్చింది, పాత పుస్తకాలన్నిట్లో అదే ఉంది. ఎమర్జెన్సీలో కొత్త పేరు గుర్తు తెచ్చుకుంటూ కూర్చోలేరు కదా.

సిగ్గు గురించి కూడా ఇదే జాబితాలో గొడవ జరిగింది. స్త్రీ బాహ్య జననాంగానికి లాటిన్‌లో 'పుడెండం' అనేవారు, సిగ్గుపడాల్సింది అని దాని అర్థం. 2019 కూర్పులో ఆ పేరు తీసేశారు. అక్కడి నాడికి మాత్రం 'పుడెండల్' అలాగే ఉంది. మనం ఏమంటాం? మర్మాంగం. పాత ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహితలో మర్మాలంటే దెబ్బ తగిలితే ముప్పు తెచ్చే 107 చోట్లు. తెలుగులో అది దాచుకోవాల్సిన చోటు అయిపోయింది. ఇంట్లో అయితే ఆ మాట కూడా పలకం, "అక్కడ" అని ఊరుకుంటాం. ఎక్కడో అర్థం కాక డాక్టరు రెండోసారి అడగాలి.

లౌతికళలో సాలీడు

మరి తెలుగులో అనాటమీ చెప్పాలంటే ఏ మాటలు వాడాలి? 1968లో ఏర్పడ్డ తెలుగు అకాడమీ కాలేజీ పుస్తకాల కోసం పారిభాషిక పదాల మీద చాలా పని చేసింది. ఆ తరహా మాటలు తెలుగు మీడియం బైపీసీ చదివినవాళ్లకి ఇప్పటికీ కంఠతా ఉంటాయి. మెదడు మీది మూడు పొరలు: వరాశిక, లౌతికళ, మృద్వి.

ఈ పేర్లు పెట్టినవాళ్లు ఒళ్లు దాచుకోలేదు. లూత అంటే సంస్కృతంలో సాలీడు. గూడులా సన్నని దారాలున్న ఆ పొరని గ్రీకులో అరాక్నాయిడ్, సాలెగూడు లాంటిది అన్నారు. లౌతికళ దానికి సరిగ్గా అద్దం. మృద్వి అంటే మెత్తనిది. అంధనాళం కూడా అంతే, లాటిన్ సీకమ్ అంటే గుడ్డిది, ఒకవైపు మూసుకుపోయిన సంచి. మన ముంగాలి రెండు ఎముకల పేర్లయితే లాటిన్ కన్నా నయం. టిబియా అంటే పిల్లనగ్రోవి, ఫిబులా అంటే పిన్నీసు లాంటి కొక్కెం. అవి ఎక్కడున్నాయో ఆ పేర్లు చెప్పవు. అంతర్జంఘిక, బహిర్జంఘిక: ఒకటి లోపలివైపు, ఒకటి బయటివైపు. దిక్కు పేరులోనే ఉంది.

ఇబ్బందల్లా, సంస్కృతం రానివాడికి లౌతికళలో సాలీడు కనపడదు. వాడికి అది అరాక్నాయిడ్ ఎంత కొత్తో అంత కొత్త, పైగా దాంతో రేపు ఆసుపత్రిలో పనుండదు. ఇంకా చిక్కు, తెలిసిన మాటలాగే ఉండి మోసం చేసేవి. భుజాస్థి అనగానే మనకి భుజం గుర్తొస్తుంది. కానీ సంస్కృతంలో భుజమంటే చెయ్యి. భుజాస్థి జబ్బలోని ఎముక. రెక్క ఎముక వీపు మీది వెడల్పాటి ఎముక. తెలంగాణలో రెక్క అంటే చెయ్యి. రెక్కాడితే గాని డొక్కాడదు అన్నప్పుడు ఎవరూ వీపు గురించి అనుకోరు.

అందుకే కొందరు ఇంగ్లీషు మాటలనే మన లిపిలో రాసుకుందామంటారు. భోపాల్ పుస్తకాలు చాలావరకు ఆ దారే పట్టాయి. దాని మీద రెండు వైపులనుంచీ దెబ్బలు పడ్డాయి. ఇది హిందీయే కాదు అని కొందరు, అలా కాకపోతే విద్యార్థి పై చదువుల్లో మునిగిపోతాడు అని ఇంకొందరు. రెండిట్లోనూ నిజం ఉంది. మన భాషల్లో వైద్యం అసలు సాధ్యమే కాదనేవాళ్లకి మాత్రం హైదరాబాదే జవాబు. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ, 1917లోనే పెట్టిన అనువాద కార్యాలయం సాయంతో, వైద్యంతో సహా ఉర్దూలో బోధించింది. 1948 తర్వాత అది ఇంగ్లీషుకి మారింది. ఆ మాటలు అరబ్బీ నుంచి తయారైనవి కాబట్టి, ఊళ్లో ఉర్దూ మాట్లాడేవాడికి అవి ఎంత దగ్గరన్నది మన లౌతికళ లాంటి ప్రశ్నే.

మూడో దారి గురించి ఎవరూ పెద్దగా పోట్లాడరు, బహుశా అది చాలా మామూలుగా ఉండటం వల్ల. కణత, అంగిలి, కొండనాలుక, దవడ, గజ్జలు, తుంటి, చీలమండ, మడమ, డొక్క. ఇవన్నీ చోటు ఖచ్చితంగా చెప్పే మాటలు, ఏ పుస్తకమూ నేర్పకుండానే వచ్చినవి. లోపలికి వెళ్లేకొద్దీ ఇవి కరువవుతాయన్నది నిజమే. క్లోమానికి, అంటే పాంక్రియాస్‌కి, ఇంట్లో పేరు లేదు, ఎందుకంటే ఇంట్లో దానితో ఎవరికీ పనిలేదు. మాంసం కొట్టేవాడికి మాత్రం మనకన్నా నాలుగు పేర్లు ఎక్కువే తెలుసు.

ఈలోగా అనువాదం జరుగుతూనే ఉంది, రోజూ, ప్రతి ఓపీ గదిలో. "సార్, ఎడమ రెక్క గుంజుతాంది, నరం లాగినట్టయి వేళ్లు తిమ్మిరెక్కుతున్నయ్" అంటుంది ఒకావిడ. డాక్టరు "మెడ నుంచి వస్తోందా? ఏ వేళ్లు?" అని అడుగుతాడు. ఆవిడ ఉంగరంవేలు, చిటికెనవేలు పట్టుకుని చూపిస్తుంది. ఆయన చీటీ మీద "రేడియేటింగ్ పెయిన్, లెఫ్ట్ అప్పర్ లింబ్, సీ8?" అని రాసి ఎమ్మారైకి పంపుతాడు. బయటికొచ్చాక కొడుకు ఆ చీటీ చూసి, "ఇందులో నరం అని ఎక్కడా లేదే" అంటాడు.